పేరు పలకని పొరుగు

అధ్యక్షులు డాక్టర్ జాన్ బాబు గారికి, ముందు వరసలో ఉన్న పెద్దలకు, ఆదివారం పూట ఈ వానలో మా ట్రాలీ ఊరి దాకా వచ్చిన స్నేహితులకు, పులిహోర చేసి తెచ్చి ఎవరు చేశారో చెప్పవద్దన్న కోటేశ్వరి గారికి (నవ్వులు), మా తమ్ముడి ఆఫీసు నుంచి వచ్చి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరికంటే శ్రద్ధగా తల ఊపుతున్న డోనల్ గారికి నమస్కారం. మా లోహిత ఆయన పక్కన కూర్చుని చెవిలో ఇంగ్లీషులో చెబుతోంది. అందుకని ఆయన నవ్వు మీ నవ్వుకంటే కాస్త ఆలస్యంగా వస్తుంది, ఏమీ అనుకోకండి. (నవ్వులు. కాసేపాగి డోనల్ నవ్వు.)

నేను ఇవాళ మీరు సన్మానిస్తున్న త్రినాథ్‌కి పెద్దక్కను, సత్యవాణిని. నాకు మాటలు తక్కువ. జాన్ బాబు గారు రెండు నిమిషాలైనా మాట్లాడమన్నారు కనుక రెండు నిమిషాలకు సరిపడా రాసుకుని వచ్చాను. వాడు మంచివాడు, కష్టపడేవాడు, ఇన్నేళ్లు ఒకే కంపెనీలో ఉన్నాడు, అని. ఆ కాగితం మడిచి లోపల పెట్టేశాను. మొన్న గురువారం ఉదయం సంగతి చెప్పకుండా వాడి గురించి ఏం చెప్పినా సగమే చెప్పినట్టు. ఇక్కడ కూర్చున్నవాళ్లు మా ఇంటి మంచిచెడ్డలు రెండూ చూసినవాళ్లే కనుక చెబుతాను.

మామూలు ఉదయమే. రాత్రి పట్టిన వాన తెరిపి ఇచ్చింది. వంటింటి కిటికీలోంచి కొండ సగమే కనిపిస్తోంది, పై సగం మబ్బులో ఉంది. పక్కింటివాళ్ల చెత్తడబ్బా గాలికి పడిపోయి రోడ్డు మీద అటూ ఇటూ దొర్లుతోంది. నేను స్నానం చేసి వచ్చి, వంటింటి ప్రెస్ మీద దేవుడి పటాలు తుడిచాను. అలమరను ఈ దేశంలో ప్రెస్ అంటారు, మాకూ అదే అలవాటైపోయింది. పొయ్యి మీద ఉప్మాకి ఎసరు పెట్టి, దీపం వెలిగించాను. త్రినాథ్ ఎప్పటిలాగే చీకటితోనే, దగ్గరలోనే ఉన్న ఆఫీసుకు వెళ్లిపోయాడు. మా మరదలు దమయంతి బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. డండాక్ కాలేజీ నుంచి సెలవులకు వచ్చిన లోహిత మేడ మీద నిద్రపోతోంది.

ఆ పటాల పక్కన ఒక పాత ఫోను ఉంటుంది. మా చెల్లెలు గిరిజాకుమారిది. ఈ ఊరి ఆసుపత్రిలో డాక్టరుగా చేసిన గిరిజ మీలో చాలామందికి తెలుసు. లోహిత దాని కూతురే. అది పోయాక కూడా ఆ ఫోనుకు ఛార్జింగ్ పెడుతూనే ఉన్నాం, నంబరు పోకుండా టాప్-అప్ వేస్తూనే ఉన్నాం. ఎందుకని మాలో ఎవరూ ఎవరినీ అడగలేదు.

దీపం వెలిగించాక నేను ఇంట్లో వాళ్ల పేర్లు వరసగా చెప్పుకుంటాను. మా అమ్మ చెప్పుకునేది, ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నాను. పెద్దవాళ్ల నుంచి చిన్నవాళ్ల దాకా, ఒక్కొక్కరి పేరూ పలికి, చల్లగా చూడమని అడగడం, అంతే. ఈ పూజలో బతికి ఉన్నవాళ్ల పేర్లే చెప్పాలి. పోయినవాళ్లకు వేరే రోజు ఉంది, నువ్వులూ నీళ్లూ ఉన్నాయి. నా పేరు తర్వాత గిరిజ పేరు వచ్చేది, దాని తర్వాత త్రినాథ్ పేరు. గిరిజ పోయినప్పటి నుంచి, నా పేరు చెప్పి, ఒక ఊపిరి పీల్చుకుని, త్రినాథ్ పేరు చెబుతున్నాను. ఆ ఊపిరి పట్టేంత చోటు దానిది.

మొన్న గురువారం ఆ చోట నా నోరు గిరిజాకుమారి అంది.

నేను అనాలని అనలేదు. చెంపలు వేసుకుని, మళ్ళీ మొదటి నుంచి సరిగ్గా చెప్పుకుని, రవ్వ పోసి కలుపుతున్నాను. ఉప్మా ఇంకా దగ్గరపడలేదు, వాకిట్లో త్రినాథ్ కారు వచ్చి ఆగింది. ఆ వేళకు వాడు ఇల్లు చేరడం నేను ఎన్నడూ చూడలేదు. ఇంజను ఆపి కూడా లోపలికి రాకుండా కారులోనే కూర్చున్నాడు. కిటికీలోంచి చూస్తున్నాను. చివరికి వచ్చి, కోటు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి, "అక్కా, ఇవాళ ఒకటి ఇక్కణ్ణుంచి అటు వెళ్లింది" అన్నాడు.

ఈ మాట మీకు తెలియాలంటే వాడి ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి. వాడు భోజనాల దగ్గర చెప్పగా నాకు అర్థమైనంతే చెబుతాను. తప్పులుంటే డోనల్ గారు క్షమించాలి, ఆయనకు ఎలాగూ ఆలస్యంగా తెలుస్తాయి. (నవ్వులు)

మన ఫోన్లు మాట్లాడకుండా ఊరికే పడి ఉన్నప్పుడు కూడా టవరు ఊరుకోదట. తన చుట్టూ ఉన్న ఫోన్లన్నిటికీ ఒక ప్రకటన వినిపిస్తూనే ఉంటుంది. నేను ఫలానా, నా పొరుగువాళ్లు ఫలానా ఫలానా, నా గొంతు మీకు సన్నగిల్లితే వీళ్లలో ఎవరి గొంతు బాగా వినిపిస్తే వాళ్ల దగ్గరికి వెళ్లండి, అని. పాత త్రీజీ ఫోన్లు ఆ చెప్పిన పేర్ల వైపే చూస్తాయి. పేరు చెప్పని టవరు నెత్తి మీదే నిలబడి పిలుస్తున్నా అటు తిరగవు. ఒక టవరు తొంభై ఆరుగురు పొరుగువాళ్ల దాకా చెప్పుకోవచ్చని రూలు రాసినవాళ్లు రాశారు. కానీ ఆ ప్రకటనలో ఉన్న చోటుకు అందులో ఇంచుమించు సగం మందే పడతారు. రూలు రాసినవాళ్లు ఒకరు, సంచీ కుట్టినవాళ్లు ఇంకొకరు అంటాడు త్రినాథ్. సంచీలో పట్టినదానికంటే ఒక్క పేరు ఎక్కువ కుక్కినా ప్రకటన మొత్తం ఆగిపోతుంది, టవరే మూగదైపోతుంది. ఎవరి పేరు ఉంచాలి, ఎవరి పేరు తియ్యాలి అన్నదే మా తమ్ముడి ఉద్యోగం.

ఒక ఏడు వేసవిలో పండగకు వచ్చే జనం కోసం ఊళ్లో కొత్త టవర్లు పెట్టారు. వాటి పేర్లు చేర్చేసరికి ఊరి టవరుకు చోటు మించిపోయి, ఒక పూటంతా ఫోన్లు పలకలేదు. ఏదో ఒక పేరు తియ్యాలి. అందరికంటే తక్కువ అక్కర ఉన్నదేదో చూసి త్రినాథ్ కొండ మీది టవరు పేరు తీసేశాడు. ఆ దారిలో గొర్రెలూ, ఒక పోస్టు వ్యానూ తప్ప ఏమీ తిరగవు. తర్వాత ఎప్పుడో డోనల్ గారిని అడిగితే ఆయనా అదే తీసేవాణ్ణని చెప్పారు. మా గిరిజ అప్పటికి ఆ దారిన వెళ్లేది కాదు.

ఆ చలికాలం కొండ అవతల ఊళ్లో జీపీ, అంటే ఊరి డాక్టరు, సెలవు పెడితే, ఆయన బదులు గిరిజ వారానికి ఒక పూట వెళ్లడం మొదలుపెట్టింది. ఒకరోజు ఉదయం మా వంటింట్లో నిలబడే కాఫీ తాగి బయలుదేరింది. కొండ మలుపులో గుండె నొప్పి వచ్చి కారు పక్కకు తీసి ఆపింది. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, వెళ్లి తలుపు తీసేసరికి ఫోను చేతిలోనే ఉంది. డాక్టరై ఉండి కూడా అంబులెన్సుకు చెయ్యలేదు. మా ఇంటికి చేసింది. ఒకసారి కాదు. ఒక్కటీ కలవలేదు. ఆ ఫోను వెనక ఉండిపోయిన ఊరి టవరునే పట్టుకుని వేలాడింది. ఊరి గొంతు అక్కడ వినీ వినపడనట్టు ఉంటుంది. కొండ టవరు సరిగ్గా దాని పైనే ఉంది. ఆ పేరు ఎవరూ చెప్పలేదు.

(విరామం)

నీళ్లు వద్దమ్మా, బాగానే ఉన్నాను.

ఫోను కలిసినా మేమెవరమూ ఆ గుండెను నిలబెట్టేవాళ్లం కాదని జాన్ బాబు గారే త్రినాథ్‌ను కూర్చోబెట్టి చెప్పారు. వాడు విన్నాడు, తల ఊపాడు, మర్నాటి నుంచి ఆఫీసుకు ముందుగా వెళ్లడం మొదలుపెట్టాడు. కంపెనీవాళ్లు ఆ మలుపు కోసం కింద ఒక చిన్న టవరు కట్టారు. దాని పేరు ఊరి టవరు ప్రకటనలో చేరింది. కొండ పేరు మళ్ళీ చేర్చే అవసరం ఎవరికీ కనిపించలేదు. అయితే కొండ టవరుకు పొరుగువాళ్లు తక్కువ కనుక దాని ప్రకటనలో మన ఊరి పేరు అలాగే ఉండిపోయింది. అంటే అటునుంచి ఇటు రావడానికి దారి ఉంది. ఇటునుంచి అటు వెళ్లడానికి లేదు.

వాడు ముందుగా వెళ్లి చూసేది ఇది. రోజూ ఉదయం, గిరిజ బయలుదేరిన వేళకు, కొండ టవరును వదిలి ఊరి టవరుకు ఒక ఫోను మారి వస్తుంది. ఒక్కటే. ఎవరిదో చూసే హక్కు వాడికి లేదు, వచ్చినట్టు మాత్రమే కనిపిస్తుంది. పైవాళ్లకు రాసి అడిగితే కనుక్కోవచ్చు కదా అని దమయంతి ఒకసారి అంది. కనుక్కుంటే ఎవరో ఒకరిదని తేలుతుంది కదా అన్నాడు. ఆ మాట తర్వాత మా ఇంట్లో దాని ఊసు ఎత్తడం మానేశాం. డబ్లిన్‌లో పెద్ద పదవి ఇస్తామన్నారు, వెళ్లలేదు. ఊరి నుంచి కదిలేవాడు కాదు. పెళ్ళిళ్లకు ఇండియా వెళ్లినా పొద్దున్న వేళకు ముఖం వేరేగా ఉండేది.

డోనల్ గారు మంచి స్నేహితుడు. మా వాడికి ఈ పిచ్చి వదిలిద్దామని ఒక ఉదయం తన ఫోను ఆపేసి, వ్యాను తీసుకెళ్లి ఆ మలుపులో ఆపుకుని, ఫ్లాస్కులో టీ తాగుతూ కూర్చున్నారు. అక్కడ గొర్రెలు మేపే రైతు దగ్గర ఫోను లేదని కనుక్కున్నారు. పోస్టాయన ఆ రోజు సెలవు. దారిన ఎవరూ పోలేదు. ఆఫీసుకు వచ్చి, గొర్రెలేనయ్యా త్రినాథ్, వాటికి నాకంటే మంచి ఫోన్ ప్లాన్ ఉన్నట్టుంది అన్నారట. అప్పుడు మా వాడు తెర చూపించాడు. ఆయన అక్కడ కూర్చుని ఉన్న వేళకే ఒకటి వచ్చి ఉంది.

ఈ మాట లోహిత ఇప్పుడే ఆయన చెవిలో చెప్పింది. ఆయన నవ్వడం లేదు, చూశారుగా.

ఈ ఏడు కంపెనీ త్రీజీని ఆపేస్తోందని మీకు తెలుసు. మీలో పాత ఫోన్లున్నవాళ్లు త్రినాథ్‌కి ఫోన్లు చేసి తిట్టారు కూడా. (నవ్వులు) ఒక్కొక్క టవరులోనూ త్రీజీ ఆపుకుంటూ వస్తున్నారు. మన జిల్లాలో కొండ మీదిది ఆఖరుది, ఊరి టవరు దానితో పాటే ఆగుతుంది. ఏదో ఒక వంకతో వాడే దాన్ని చివరికి నెట్టాడు. రేపు సోమవారం ఉదయం అది ఆగాలి. వాడి ఉద్యోగమూ దానితోనే ముగుస్తుంది. నీ చేత్తో ఆపి గౌరవంగా వెళ్లు, లేదంటే డబ్లిన్ నుంచి ఎవరో ఒకరు ఆపుతారు, అని పైవాళ్లు చెప్పారు. కిందటి వారమంతా వాడు అన్నం సరిగ్గా తినలేదు. ఈ సభకు రానని జాన్ బాబు గారికి చెప్పేశాడు. ఉద్యోగం పోతుందని కాదు. ఆ టవరు ఆగిపోతే మర్నాడు పొద్దున్న ఎవరూ రారు. దానికి వాడు తట్టుకుంటాడా అన్నదే మా భయం.

ఇదీ సంగతి. ఇప్పుడు గురువారం వంటింటికి వస్తాను.

ఇక్కణ్ణుంచి అటు ఒకటి వెళ్లిందని వాడు అన్నాడు. అది జరిగే పని కాదని, ఊరి టవరు ఆ పేరే చెప్పడం లేదని, పేరు వినని ఫోను అటు వెళ్లదని, చేతులు తిప్పుతూ నాకు కాదు, తనకు తాను చెప్పుకుంటున్నాడు. నేను పటాల పక్కన ఉన్న ఫోను చూశాను. గిరిజ పోయాక, ఏ టవరు మీద ఉందో తెర మీద కనిపించేలా వాడే దాన్ని మార్చి పెట్టాడు. ఎప్పుడు చూసినా ఊరి టవరు అంకె ఉంటుంది. రోజూ దుమ్ము తుడుస్తాను కనుక నాకు కంఠతా వచ్చు. ఆ అంకె లేదు. ఇంకొకటి ఉంది. ఫోను కదలలేదు. దీపం పక్కనే ఉంది.

నేను దాన్ని వాడికి అందించాను. వాడు చూసి, ఇది కొండ టవరు అంకె అన్నాడు. లోహిత కిందికి వచ్చింది. వాడి చేతిలోంచి ఫోను తీసుకుని, "ఇట్స్ ఓన్లీ ఏన్ ఓల్డ్ ఫోన్, పెద్దమ్మా, ఇట్స్ గ్రాండ్" అని, అంటే ఏం పరవాలేదని, మామయ్య ముఖం చూసి, దాన్ని ఎక్కణ్ణుంచి తీశామో అక్కడే జాగ్రత్తగా పెట్టింది. కాసేపట్లో మళ్ళీ ఊరి అంకె వచ్చింది.

అప్పుడు చెప్పాను, ఇవాళ దీపం దగ్గర నా నోట ఆ పేరు వచ్చిందని. ఏ వేళకని అడిగాడు. నీళ్లు మరుగుతున్నప్పుడని చెప్పాను. ఉప్మా మాడిన వాసన వస్తే దమయంతి వెళ్లి పొయ్యి కట్టేసింది.

నేను దేవుణ్ణి నమ్మేదాన్ని. కానీ ప్రతి దానికీ దేవుణ్ణి సాక్ష్యానికి పిలవను. పాత ఫోను, పాత టవరు, మబ్బు పట్టిన ఉదయం, కొండ మా కిటికీలోంచి కనిపించేంత దగ్గర. ఏదో కారణం ఉండే ఉంటుంది. డోనల్ గారు రెండు మూడు కారణాలు చెప్పారు, అన్నీ బాగానే ఉన్నాయి. నేను జరిగింది చెబుతున్నాను, అంతే.

సాయంత్రానికి లోహిత వాళ్ల నాన్న చక్రధర్ గారు డబ్లిన్ పక్కనున్న క్లోనీ నుంచి వచ్చారు. అక్కడ డేటా సెంటర్లో ఆయన ఉద్యోగం. అందరం వంటింట్లోనే కూర్చున్నాం. మా దమయంతి మెత్తనిది, ఇరవై ఏళ్లలో నా ఎదుట భర్తను ఒక్క మాట అన్నది కాదు. ఆ రోజు అంది.

"రోజూ వచ్చే ఆవిడ కోసం వెళ్లిపోతారు. ఇంట్లో ఉన్నవాళ్లం మీకు ఏ టవరు మీద కనిపిస్తామండీ?"

వాడు తల వంచుకున్నాడు. ఆ టవరు ఆపలేను అక్కా, అది నాకోసమే వస్తోంది అన్నాడు. దేనికి వస్తుందిరా అని అడిగాను.

లోహిత తెలుగు అర్థం చేసుకుంటుంది కానీ మాకు ఎప్పుడూ ఇంగ్లీషులోనే బదులు చెబుతుందని మీకు తెలుసు, మీ పిల్లలూ అంతే. ఆ సాయంత్రం అది ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ తెలుగులో అంది.

"మామయ్యా, అమ్మ రోజూ వస్తోంది అంటున్నావు. మరి మళ్ళీ వెళ్లడానికి దారేది? నువ్వు తీసేశావు కదా."

ఇన్నేళ్లలో ఆ మాట వాడి ముఖం మీద అన్నవాళ్లు లేరు. నేనూ అనలేదు. వాడికి కోపం వస్తుందనుకున్నాను, ఏడుస్తాడనుకున్నాను. రెండూ కాలేదు. లెక్క వేసుకుంటున్నవాడిలా పైకి చూసి, "ఇప్పుడు చోటుంది అక్కా" అన్నాడు. "పొరుగువాళ్లందర్నీ ఆపేశాం. ప్రకటన ఖాళీగానే ఉంది. ఇప్పుడు ఎన్ని పేర్లయినా పడతాయి."

ఆ సాయంత్రం మా కుటుంబం నిర్ణయించుకున్నది ఇది. శుక్రవారం పొద్దున్నే త్రినాథ్ కొండ పేరు ఊరి టవరు ప్రకటనలో తిరిగి చేర్చాలి. ఈ సభకు రావాలి, మీ శాలువా కప్పించుకోవాలి. రేపు సోమవారం ఉదయం మేమంతా గిరిజ ఫోను తీసుకుని ఆ మలుపుకు వెళ్లాలి. అక్కడ నేను గిరిజ పేరు చెబుతాను, పోయినవాళ్ల పేరు ఎలా చెప్పాలో అలా, నువ్వులూ నీళ్లూ వదిలి. చక్రధర్ గారు ఫోను ఆపుతారు, నంబరు వదిలేస్తారు. త్రినాథ్ అక్కణ్ణుంచే ఆఫీసుకు వెళ్లి తన చేత్తో కొండ టవరు ఆపుతాడు. ఇంటికి వచ్చి దమయంతి పెట్టింది తింటాడు. ఎల్లుండి నుంచి దీపం దగ్గర నా పేరు తర్వాత ఊపిరి పట్టకుండా వాడి పేరే చెబుతాను.

రెండు రోజులుగా ఊరి టవరు ఆ పేరు చెబుతోంది. నేను మాట్లాడుతున్నంతసేపూ, ఈ గోడల్లోంచి, మన మధ్యలోంచి చెబుతూనే ఉంది. ఆ ఫోను నా సంచీలో ఉంది. త్రినాథ్ ఇందాకటి నుంచి నా ముఖం చూడటం లేదు, సంచీనే చూస్తున్నాడు. ఇప్పుడు తియ్యను నాన్నా. అది ఏ అంకె మీద ఉందో నేనూ చూడలేదు.

మా వాణ్ణి ఇన్నేళ్లు కనిపెట్టుకుని ఉన్న డోనల్ గారికి, మా ఇంట్లో చావు జరిగిన రోజు వండి తెచ్చిన కోటేశ్వరి గారికి, జాన్ బాబు గారికి, మీ అందరికీ కృతజ్ఞతలు. మాట ముగించేటప్పుడు చెప్పవలసిన ఒక్క మాట మిగిలింది. గిరిజ ఆ రోజు కాఫీ గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయింది, మేమెవరమూ దానికి ఆ మాట చెప్పలేదు. రేపు చెబుతాం. నోరు తిరగడానికి ఇవాళ మీ దగ్గర అంటున్నాను.

సెలవు.